ఖాళీ సీటు వెనుక ఇంటి లెక్క

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకు ప్రతి ఏటా పేపర్లో ఒక వార్త వస్తుంది. ఫలానా జిల్లాలో ఐటీఐ సీట్లు మిగిలిపోయాయి, ఫలానా పాలిటెక్నిక్‌లో సివిల్ బ్రాంచి నిండలేదు, ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల దోస్త్ విడతలన్నీ అయిపోయినా కొన్ని డిగ్రీ కాలేజీల్లో చేరేవాళ్ళు లేరు. వార్త చివర ఒక అధికారి మాట ఉంటుంది: విద్యార్థుల్లో ఆసక్తి తగ్గింది, అవగాహన పెంచుతాం. ఈ మాటను ఒప్పుకోలేకే ఇది రాస్తున్నాను.

జగిత్యాల, కరీంనగర్ ప్రాంతంలోని ప్రభుత్వ ఐటీఐల్లో ఫిట్టర్ ట్రేడు చెప్పి, ట్రైనింగ్ ఆఫీసర్‌గా రిటైరైన మనిషిని నేను. అడ్మిషన్ల కాలం వస్తే సీట్లు నింపే భారం మా మీదే పడేది. పది పాసైన పిల్లల జాబితా హైస్కూలు హెడ్మాస్టర్ దగ్గర తీసుకుని, మోటారు సైకిళ్ళ మీద ఊరూరూ తిరిగేవాళ్ళం. ఆ ఇళ్ళలో పిల్లల చదువు మీద ఆసక్తి లేని తల్లిని గానీ తండ్రిని గానీ నేను చూడలేదు. అందరూ లెక్క వేస్తున్నవాళ్ళే. చదువుకు ఎంతవుతుంది, చదివినన్నాళ్ళు ఎంత కూలి పోతుంది, పోయి వచ్చే దారేది, చివరికి ఏ పని దొరుకుతుంది, ఆ పని చేసేవాడికి ఊళ్ళో ఏం మర్యాద దక్కుతుంది. ఇవన్నీ కలిపి రాత్రి అన్నం దగ్గర కూర్చుని ఆలుమగలు వేసుకునే లెక్క అది. ప్రభుత్వ ఫైళ్ళలోని లెక్కకన్నా చాలాసార్లు అదే సరైనది. సీటు ఖాళీగా ఉందంటే, ఆ ఇంటి లెక్కలో ఆ సీటు నిలబడలేదని అర్థం.

చదువంటే మనవాళ్ళకు మక్కువ తక్కువేమీ కాదని అంకెలే చెబుతాయి. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వే ప్రకారం ఉన్నత విద్యలో స్థూల నమోదు దేశం మొత్తం మీద 28.4 శాతం. తెలంగాణలో అది 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. పాలిటెక్నిక్ ఈ లెక్కలోకి వస్తుంది, ఐటీఐ రాదు. అంటే నేను జీవితమంతా పాఠం చెప్పిన పిల్లలు ఈ లెక్కలోనే లేరు. మరోవైపు 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అంకె చెప్పింది. పందొమ్మిది నుంచి ఇరవైనాలుగేళ్ళ మధ్య ఉన్న కార్మికుల్లో పద్ధతి ప్రకారం వృత్తివిద్య నేర్చినవాళ్ళు మన దేశంలో 5 శాతం లోపేనట, జర్మనీలో 75 శాతమట, దక్షిణ కొరియాలో 96 శాతమట. ప్రతి నైపుణ్య సభలోనూ ఈ అంకెలు వినిపిస్తాయి. జర్మనీలో ఆ పిల్లవాడు మొదట కంపెనీతో ఒప్పందం రాసుకుంటాడనీ, మొదటి నెల నుంచే కంపెనీ వాడికి డబ్బు ఇస్తుందనీ, వారంలో ఒకటి రెండు రోజులు మాత్రమే వృత్తి పాఠశాలకు వెళతాడనీ చెప్పేవాళ్ళు తక్కువ. అక్కడ ఇంటి లెక్క మొదటి రోజునే కుదురుతుంది. మన దగ్గర రెండేళ్ళ చదువు, ఏడాది అప్రెంటిస్‌షిప్ అయ్యాక గానీ కుదురుతుందో లేదో తెలియదు.

ముందుగా ఇంటికి ఎవరు వస్తారన్నది చూద్దాం. పిల్లలు ఇంకా పరీక్షలు రాయకముందే, ఫిబ్రవరి మార్చి నెలల్లోనే, కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇంటి గడప తొక్కుతారు. రంగుల బ్రోచర్ చేతిలో పెడతారు. ఫీజులో ఇంత తగ్గిస్తాం, ఇప్పుడు కొంత కట్టి సీటు ఖాయం చేసుకోండి అంటారు. ఫలితాలొచ్చి, నోటిఫికేషన్ పడి, మేము ఆ ఇల్లు చేరేసరికి అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. కట్టిన డబ్బు వదులుకోలేరు. ఎంపీసీలో చేరి, లెక్కలు అందక, మొదటి ఏడాదే తప్పి, రెండేళ్ళు పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉండేవారు. వాళ్ళలో చాలామంది చేతిలో పనితనం ఉన్నవాళ్ళు. ఆకురాయి పట్టుకున్న మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఇనప ముక్కను నాలుగు వైపులా సమంగా రాకి, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు పట్టి చూపించమంటే, సందు కనపడకుండా చూపించే పిల్లలు వాళ్ళు. ఇలాంటి చదువు ఒకటుందని పదో తరగతిలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. బడిలో ఉన్నప్పుడే ఒక్క పూట ఐటీఐ వర్క్‌షాప్ చూపించి ఉంటే, లేత్ తిరుగుతుంటే పక్కన నిలబడనిచ్చి ఉంటే, ఆ రెండేళ్ళు పోయేవి కావు.

ఇక మర్యాద సంగతి. ఐటీఐ అంటే చిన్నచూపు, అందుకే చేరరు అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేనూ విన్నాను. అయితే ఆ చిన్నచూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో కోరుట్ల దగ్గర ఒక పల్లెలో కొలిమి పని చేసే ఒకాయన చెప్పిన మాటతో నాకు అర్థమైంది. "మా అయ్య కొలిమి కాడ చేతులు కాల్చుకున్నడు, నేను కాల్చుకున్న. వీడు సుత్తి పట్టద్దనే అప్పు జేసి ప్రైవేటు బడికి తోలిన. ఇప్పుడు మీరచ్చి మళ్ళ సుత్తే పట్టిస్తమంటున్నరు సారూ" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, బాధ ఉంది. తరతరాలుగా చేతిపని చేసినవాళ్ళకు ఈ దేశం కూలీ ఇచ్చింది గానీ విలువ ఇవ్వలేదు. చదువంటే ఆ పని నుంచి బయటపడే తోవ అని వాళ్ళు నమ్మారు. అలా నమ్మినవాళ్ళకు శ్రమ గౌరవం గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు, చేతికి ఏనాడూ మసి అంటనివాళ్ళకు అసలే లేదు.

కానీ అదే ఇంట్లో ఇంకో సంగతి కూడా చూశాను. సింగరేణి ఫిట్టర్ ట్రైనీ పోస్టులకు నోటిఫికేషన్ వేసిందంటే, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులు పిలిచిందంటే, అదే తండ్రి కొడుకును వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చేవాడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల కోసం గ్రేడ్-2 జూనియర్ లైన్‌మన్లను వేలల్లో తీసుకున్నారు. ఎలక్ట్రికల్ ఐటీఐ చేసినవాళ్ళూ, ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సులు చదివినవాళ్ళూ అర్హులు. అటువైపు పనిచేసే మా తోటి ఇన్‌స్ట్రక్టర్లు ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ సీటు కోసం సిఫార్సులు కూడా వచ్చాయని చెప్పేవారు. పట్టుకునే స్పానర్ ఒకటే, ఎక్కే స్తంభం ఒకటే. మారినదల్లా నెల జీతం, పీఎఫ్, ఆసుపత్రి కార్డు, పింఛను మీద ఆశ. కాంట్రాక్టర్ కింద పనిచేసే ఫిట్టర్‌కు పిల్లనివ్వని ఊరే సింగరేణి ఫిట్టర్‌కు కట్నమిచ్చి మరీ పిల్లనిస్తుంది. కట్నాన్ని నేను సమర్థించడం లేదు. ఊరు దేన్ని చూసి మర్యాద ఇస్తుందో చెబుతున్నాను. చేతిపనిని కాదు జనం చిన్నచూపు చూస్తున్నది. ఆ పనికి మనం రాసిపెట్టిన అనిశ్చితిని చూస్తున్నారు.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ టూల్, డై, మౌల్డ్ తయారీలో డిప్లొమాకు ప్రవేశ పరీక్ష రాసి మరీ చేరతారు. అక్కడా నూనె, ఇనప రజను, ఖాకీ చొక్కానే. తేడా ఏమిటంటే ఆ గేటు బయటే పరిశ్రమలున్నాయి, చదివినవాడికి పని ఉందని పోయినవాళ్ళు వెనక్కి వచ్చి చెబుతారు. ప్రచారం అంటే అదే. మరోటి అక్కర్లేదు.

మా ప్రాంతంలో గేటు బయట ఏముందో చూడండి. ముత్యంపేటలో నిజాం చక్కెర ఫ్యాక్టరీ యూనిట్ ఉండేది. క్రషింగ్ సీజన్ ముందు మరమ్మతుల కాలం వచ్చిందంటే మా ఫిట్టర్లకూ వెల్డర్లకూ చేతినిండా పని. మిల్లు రోలర్ల దగ్గర, బాయిలర్ దగ్గర నేర్చుకున్నది వర్క్‌షాప్‌లో మేము రెండేళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువ. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ యూనిట్లతో పాటు అదీ మూతపడింది. అంతకుముందు 1999లో రామగుండం ఎరువుల కర్మాగారం ఆగిపోయింది. మళ్ళీ ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో ఉత్పత్తి మొదలయ్యేసరికి 2021 వచ్చింది. ఈ మధ్యలో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు బయటికొచ్చారో ఆలోచించండి. ఫ్యాక్టరీ మూతపడితే దాని కార్మికుల గురించి ఉద్యమాలు జరుగుతాయి, జరగాలి కూడా. దాని చుట్టూ ఉన్న ఐటీఐ కూడా సగం మూతపడుతుందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మరుసటి ఏడాది ఫిట్టర్ సీట్లు మిగిలితే మళ్ళీ ఆసక్తి లేదనే రాస్తారు.

పని లేని చోటికి దుబాయి వచ్చి నిలబడుతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూరు వైపు ఏ వాడకు వెళ్ళినా గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతకాల్సిందే. పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు, ఏజెంటుకు అప్పు, విమానం. "ఐటీఐ జేస్తే ఏమస్తది సార్, మా బామ్మర్ది ఏం సదువకున్నా నెలనెలా పంపుతుండు" అన్న మాటకు నా దగ్గర జవాబు ఉండేది. ఆ బామ్మర్ది పోయింది లేబర్ వీసా మీద. అదే సైట్‌లో వెల్డర్ వీసా మీద వచ్చినవాడికి జీతం వేరు, గది వేరు, సూపర్‌వైజర్ మాట్లాడే తీరు వేరు. ఏడాది వెల్డర్ ట్రేడు చేసి వెళ్ళిన మా పిల్లలు సెలవుల్లో వచ్చి చెప్పిన మాట ఇది. ఇప్పుడు సౌదీ అరేబియా అనేక వృత్తులకు వీసా ఇచ్చేముందే ఇక్కడ నైపుణ్య పరీక్ష పెడుతోంది. అంటే గల్ఫ్‌కు పోయేవాడికైనా సర్టిఫికెట్ అవసరం పెరిగింది. అయినా నేను పనిచేసిన ఐటీఐల్లో గల్ఫ్ గురించి పాఠం లేదు. ఒప్పంద పత్రం ఎలా చదవాలి, ఏ ఏజెంటుకు లైసెన్సు ఉంది, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఎలా వెళ్ళాలి అని చెప్పేవాళ్ళు లేరు. పోకుండా ఆపలేనప్పుడు, పనిమంతుడిగా పంపడం మన బాధ్యత. లేబర్ వీసాకూ వెల్డర్ వీసాకూ ఉన్న ఈ తేడాను బోర్డు మీద రాసి పెడితే ఉత్తర తెలంగాణలో వెల్డర్, ఎలక్ట్రీషియన్ సీట్లు మిగలవని నా గట్టి నమ్మకం.

డబ్బు గురించి మాట్లాడదాం. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రమే, కాబట్టి ఖర్చు అడ్డం కాదని అనుకుంటారు. ఫీజు కాదు సమస్య. పదహారేళ్ళ కొడుకు రెండేళ్ళు కూలికి పోకుండా ఉంటే ఆ ఇంటికి తగ్గే రాబడి సమస్య. బస్సు పాసు, మధ్యాహ్నం తిండి, బూట్లు, డ్రాయింగ్ సామాను సమస్య. వీటి కోసమే స్కాలర్‌షిప్ పెట్టారు. పిల్లవాడు మీసేవలో ఆదాయం, కులం సర్టిఫికెట్లు తెచ్చి, ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టి, వేలిముద్ర వేసి, హాజరు చూపించి ఎదురుచూస్తాడు. కోర్సు పూర్తయ్యాక డబ్బు పడిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. చదువుతున్నప్పుడు రాని స్కాలర్‌షిప్ చదివించదు. నడుమ ఆగిపోయిన పిల్లవాణ్ణి వెనక్కి తేదు. ప్రైవేటు కాలేజీల్లో ఇది ఇంకా దారుణం. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని చదువైపోయిన పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటారు. ప్రభుత్వం బాకీ పడితే పిల్లవాడు తాకట్టు అవుతాడు. అన్న సర్టిఫికెట్ కాలేజీలో ఇరుక్కున్న ఇంట్లో తమ్ముణ్ణి కాలేజీకి పంపుతారా? చెల్లెల్ని పంపుతారా? బకాయిల గురించి రాసేటప్పుడు కోట్ల లెక్కే రాస్తాం. ఆ కోట్ల వల్ల చేరకుండా పోయిన తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఎవరూ లెక్కపెట్టరు.

ఇంకో సంగతి నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వసతి దీవెన తెచ్చింది. హాస్టల్, భోజన ఖర్చులకు ఏడాదికి డిగ్రీ, ఆపై చదివేవాళ్ళకు 20,000, పాలిటెక్నిక్ వాళ్ళకు 15,000, ఐటీఐ వాళ్ళకు 10,000. పథకం మంచిది, పేద పిల్లలకు ఉపయోగపడింది. కానీ ఐటీఐ పిల్లవాడి ఆకలి డిగ్రీ పిల్లవాడి ఆకలిలో సగమే అని ఎవరు నిర్ణయించారు? రోజంతా నిలబడి ఇనుమును రాకేవాడికి ఇంకాస్త ఎక్కువే ఆకలవుతుంది. పార్టీలు ఏవైనా కానీ, వృత్తివిద్య గొప్పదని వేదిక మీద చెబుతూ జీవోలో దాని ధర సగం అని రాస్తే, జనం జీవోనే నమ్ముతారు.

అప్రెంటిస్‌షిప్‌దీ ఇదే కథ. 1961 నుంచి చట్టం ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. అందులో పాతిక శాతం, 1,500 మించకుండా, కేంద్రం భరించేలా 2016లోనే పథకం పెట్టారు. జగిత్యాల నుంచి వెళ్ళి జీడిమెట్లలో గది అద్దెకు తీసుకుని, వండుకుని తింటూ, 7,000లో బతకడం ఎలాగో ఆ నిబంధన రాసినవాళ్ళు ఒకసారి చేసి చూడాలి. ఊళ్ళో మేస్త్రీ కింద పనికి పోతే నెలకు అంతకు రెట్టింపు చేతికొస్తుంది. ఇంటి నుంచి ఇంకా డబ్బు పంపాల్సి వస్తే ఆ ఏడాది పూర్తిచేయగలిగేది కాస్త ఉన్న ఇంటి పిల్లలే. అప్రెంటిస్ సర్టిఫికెట్ లేకపోతే మంచి కంపెనీ గేటు దాటనివ్వదు. లేనివాడు అక్కడే రాలిపోతాడు.

ఆడపిల్లల దగ్గర ఈ లెక్క ఇంకా కఠినమవుతుంది. ధర్మపురి వైపు ఒక ఊళ్ళో పదిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరతానని తనంతట తాను అడిగింది. తల్లికీ ఇష్టమే. "పిల్లను పంపుడు కష్టం గాదు సారూ, అచ్చుడే కష్టం. పొద్దుగూకితే మా ఊరికి బస్సు లేదు. రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు చెరువు కట్ట మీద నడవాలె" అంది ఆ తల్లి. ఆ అమ్మాయి మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీలో సీఈసీలో చేరింది. ఎందుకంటే అది సాయంత్రం నాలుగున్నరకు వదులుతుంది. ఆమె భవిష్యత్తును నిర్ణయించింది ఒక బస్సు టైము. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు వచ్చింది, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. ఛార్జీ భారం తగ్గింది, అది చాలా పెద్ద మేలు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఇక మిగిలింది రాని బస్సు. ఆర్టీసీ డిపో మేనేజరూ, ఐటీఐ ప్రిన్సిపాలూ, పాలిటెక్నిక్ ప్రిన్సిపాలూ ఏడాదికి ఒకసారి ఒక బల్ల చుట్టూ కూర్చుంటే సాయంత్రం బస్సు టైము మారుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు.

లోపలికి వచ్చాక కూడా ఆడపిల్లకు చోటు లేదు. నేను పనిచేసిన ఒక ఐటీఐలో వర్క్‌షాప్ దగ్గర అమ్మాయిలకు మరుగుదొడ్డి కట్టడానికి ఏళ్ళు పట్టింది. రిజర్వేషన్ సీట్లు కాగితం మీద ఉన్నాయి. వచ్చిన అమ్మాయిలను కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడుకో కుట్టుపనికో సర్దేవాళ్ళం. చదివినా ఉద్యోగం దగ్గర మరో తలుపు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు మహిళలను పరిగణించాలని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి లైన్ ఉమన్‌గా చేరిన అమ్మాయి ఫొటో పత్రికల్లో వచ్చినప్పుడు దాన్ని కత్తిరించి మా నోటీసు బోర్డుకు అంటించాం. అంతలోనే ఇంట్లో పెళ్ళి తొందర ఉంటుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన. పది అయిన వెంటనే దగ్గర్లో, భద్రంగా, రెండేళ్ళలో జీతం వచ్చే చదువు దొరకని ఇంట్లో పెళ్ళి సంబంధం ముందు వస్తుంది. ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సుకు అమ్మాయిలు ఎందుకు వస్తారో గమనించండి. ఆ చదువు చదివి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎంను ప్రతి ఊళ్ళో తల్లులు కళ్ళారా చూస్తున్నారు.

పై చదువుకు దారి ఉందా అన్నది చివరిగా అడిగే ప్రశ్న, చాలా గట్టి ప్రశ్న. ఐటీఐ అంటే అక్కడితో ఆగిపోయినట్టే అని జనం అనుకుంటారు. నిజానికి దారి ఉంది. రెండేళ్ళ ఐటీఐ చేసినవాడు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. నా దగ్గర ఫిట్టర్ చేసిన ఒక రైతు బిడ్డ ఇలాగే మెట్టు మెట్టు ఎక్కి కొండగట్టు దగ్గరి జేఎన్‌టీయూ కాలేజీ దాకా వెళ్ళాడు. కానీ వాడి కష్టం నాకు తెలుసు. ఐటీఐలో తెలుగులో, చేతి కొలతలతో నేర్చుకున్న లెక్క ఒకటి, పాలిటెక్నిక్‌లో ఇంగ్లిషులో ఎదురయ్యే క్యాలిక్యులస్ ఒకటి. మధ్యలో ఉండాల్సిన బోధన పేరుకే ఉంటుంది. అటు ఇంటర్ ఒకేషనల్ వాడూ బ్రిడ్జి కోర్సు రాస్తే తప్ప ఎప్‌సెట్ గుమ్మం ఎక్కలేడు. తలుపు తెరిచి ఉంచి మెట్లు తీసేస్తే ఎక్కేవాడు వేలల్లో ఒకడే ఉంటాడు. ఆ ఒక్కడి ఫొటో చూపించి మిగతావాళ్ళను రమ్మంటే రారు.

బీటెక్ వైపు పరుగు గురించి ఒక మాట. కంప్యూటర్ బ్రాంచిలు నిండిపోతున్నాయి, సివిల్, మెకానికల్ మిగులుతున్నాయి. దీన్ని వెర్రి అనే పెద్దలున్నారు. నేను అనను. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, పేద ఇంటి నుంచి మొదటి ఇంజనీరు బయటికొచ్చాడు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేసి ఊళ్ళో ఇల్లు కట్టాడు. ఆ ఇల్లు చూసి పక్కింటివాళ్ళు లెక్క వేశారు. మెకానికల్ చదివినవాడు కాంట్రాక్టు జీతం మీద ఇల్లు కట్టలేకపోయాడు, అదీ చూశారు. డిగ్రీ కాలేజీలదీ అంతే. దగ్గర్లో ఉన్నందుకు చేరతారు, చివర పని కనపడనందుకు మధ్యలో మానేస్తారు.

తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ వాహనాల కోర్సులు వచ్చాయి. పాత లేత్‌ల మీద పాఠం చెప్పి, కొనడానికి డబ్బు లేక ఒకే ఇనప ముక్కను మళ్ళీ మళ్ళీ రాకించిన నాలాంటివాడికి ఆ కొత్త యంత్రాలు చూస్తే కళ్ళు చెమరుస్తాయి. ఇది సరైన పని, జరగాల్సిన పని. అయితే యంత్రం ఒక్కటే సీటు నింపదు. ఆ యంత్రం మీద నేర్పే మనిషి పర్మినెంటా, ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే గెస్ట్ ఇన్‌స్ట్రక్టరా? ఆ యంత్రం ఉన్న ఫ్యాక్టరీ ఈ జిల్లాలో ఉందా, లేకపోతే పిల్లవాడు వెళ్ళే ఊళ్ళో వాడికి పడుకోవడానికి చోటు ఉందా? స్టైపెండ్ నెలనెలా పడుతుందా? తండ్రి అడిగే ప్రశ్నలు ఇవే. వీటికి జవాబు లేకుండా గోడల మీద ఫ్లెక్సీలు కట్టి లాభం లేదు.

ప్రభుత్వాలను నేను కోరేది పెద్ద పథకం కాదు. స్కాలర్‌షిప్ డబ్బు ప్రతి నెలా ఒకే తేదీన వేయండి. బాకీ ప్రభుత్వానిది అయినప్పుడు పిల్లల సర్టిఫికెట్ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోండి. అప్రెంటిస్‌కు బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, విశాఖ, శ్రీసిటీ దగ్గర హాస్టళ్ళు కట్టండి. ప్రతి కాలేజీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఐటీఐ అయినా ఇంజనీరింగ్ అయినా, అడ్మిషన్లకు ముందు ఒక కాగితం గేటుకు అంటించేలా ఆదేశించండి: ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఈ రోజు ఎక్కడ ఏ పని చేస్తున్నారు, జీతం ఎంత. తల్లిదండ్రులకు నా మనవి కూడా అదే. ఈ ఏడాది మీ పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ ఎక్కడ చేర్చబోతున్నా, పీఆర్వో ఇచ్చే బ్రోచర్ పక్కన పెట్టి ముందు ఈ కాగితం అడగండి. చూపించని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి.